తరుగు

నా మొదటి యజమానికి చింతపండు రెండు విధాల పనికొచ్చేది. బస్తాలు అమ్మేవాడు, చిన్న ముద్ద ఒకటి నా పళ్లెం అడుగున అంటించేవాడు. పొద్దుట సంతలో కొండ దిగి వచ్చినవాళ్ల దగ్గర సరుకు కొనేటప్పుడు ఆ ముద్ద రాళ్ల పళ్లెం కింద ఉండేది. మధ్యాహ్నం దాటాక అదే మనుషులకి ఉప్పు, ఎండుచేపలు అమ్మేటప్పుడు సరుకు పళ్లెం కిందికి మారేది. ఎవరైనా గుచ్చి గుచ్చి చూస్తుంటే ముద్ద మానేసి చిటికెనవేలితో దండె నొక్కేవాడు. ఇనుప దండె, రెండు ఇత్తడి పళ్లేలు, గొలుసులు, నడుమ ఓ ముల్లు, ఇంతే నేను. ఏది అంటిస్తే అది మోస్తాను, ఎటు బరువుంటే అటు మొగ్గుతాను. ధర్మదేవత చేతికి నన్నిచ్చి బొమ్మ గీసినవాడు సంత మొహం ఎన్నడూ చూసి ఉండడు.

ఆ వ్యాపారం మూతపడ్డాక పాత ఇనుప సామాన్ల కొట్టులో చాన్నాళ్లు పడి ఉన్నాను. రిటైరైన ఓ టీచరమ్మగారు వచ్చి నన్ను కొన్నారు. ఇనుముకి ఓ రేటు, ఇత్తడికి ఓ రేటు. నన్ను తూచింది కరెంటు కాటా. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

ఇప్పుడు నా కాపురం నర్సీపట్నంలో, చింతపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఓ చిన్న కొట్టులో. చింతపల్లి, జి.కె.వీధి కొండల కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా ఇక్కడికి వస్తాయి. అడ్డాకు విస్తళ్లు, కొండచీపుర్లు, తేనె, అనకాపల్లి వైపు నుంచి బెల్లం. ఏటికొప్పాక లక్క బొమ్మలకి వేరే అర ఉంది. అంకుడు కర్రతో చేసి, చెట్ల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి పూస్తారు. ఆ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలు లెక్కన అమ్ముడుపోతాయి, నా మీదికి ఎక్కవు. అందుకని వాటితో నాకు పెద్దగా పరిచయం లేదు.

కొట్టు తెరవకముందే టీచరమ్మగారు నన్ను తూనికలు కొలతల శాఖ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. నాలాంటి తక్కెడకి రెండేళ్లకోసారి పరీక్ష జరగాలి. నిగ్గు తేలితే ముద్ర కొడతారు: ఏ ఏడాదో అంకె, ఏ మూడు నెలల్లోనో ఓ అక్షరం. కరెంటు కాటాలకైతే ఏటేటా ఈ పరీక్ష తప్పదు. వాటి మీద ఆ మాత్రం నమ్మకం!

ముద్రల సంగతి వస్తే ఇంకోటి విన్నాను. కాఫీ పొట్లాల మీద న్యాయ వ్యాపార ముద్ర, అదే ఫెయిర్ ట్రేడ్ ముద్ర, మొదలైంది 1988లో, నెదర్లాండ్స్‌లో, మెక్సికో రైతులు పండించిన కాఫీతోనట. దానికి పెట్టిన పేరు మాక్స్ హావెలార్. జావాలో కాఫీ రైతుల మీద జరిగిన దోపిడీని రచ్చకెక్కించిన 1860 నాటి డచ్చి నవల పేరు అది. టీచరమ్మగారు ఇదంతా మేనల్లుడికి పాఠంలా చెప్పారు. కుర్రాడికి ఉత్సాహం వచ్చింది.

“అయితే మనమూ ఆ ముద్ర వేయించుకుందాం అత్తా.”

“దానికి రైతుల సంఘం ఉండాలి, తనిఖీలుండాలి, ఫీజులు కట్టాలిరా. సంచీ సంచీ కొనే మనకి ఎక్కడ కుదురుతుంది?”

ఆ లెక్కన ఈ కొట్టులో ముద్ర ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

పళ్లెం కింద ముద్ద పీకేస్తే న్యాయం దానంతటదే జరిగిపోతుందని అనుకునేవాళ్లున్నారు. వాళ్లు తరుగు సంగతి ఎరగరు. పచ్చి పసుపు అయిదు కిలోలు ఉడకబెట్టి ఎండబెడితే చేతికొచ్చేది కిలో, అటూ ఇటూగా. ఆరు కిలోల కాఫీ పండు కిలో గింజ అవుతుంది. ఆ గింజని వేయిస్తే అందులోనూ ఆరో వంతు గాలిలో కలుస్తుంది. చింతపండులో పిక్క, ఈనె, తేమ. తేనెపట్టులో మైనం. కొండ మీంచి వంటింటిదాకా ఏ సరుకైనా కరుగుతూనే వస్తుంది. ఆ కరిగినది ఎవరి నెత్తిన పడుతుందన్నదే వ్యాపారం. సంతలో తేమకింత, గోనెకింత, దుమ్ముకింత అని తూచకముందే కోసేసేవారు. అంతకన్నా ముందు, వానాకాలంలో తిండిగింజలు అప్పిచ్చి, కాయ చెట్టు మీద ఉండగానే రేటు ఖాయం చేసేవారు. ఆ తర్వాత నా ముల్లు నిటారుగా నిలబడి ఎవర్ని ఉద్ధరించాలి? 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థని పెట్టింది ఇలాంటి సంతల్లో కొండవాళ్లు నిలువునా మునిగిపోతున్నారనే.

అప్పు కోసం పంటని తాకట్టు పెట్టకుండా ఉండాలంటే డబ్బు ముందే చేతికందాలి. టీచరమ్మగారు వానలు పడేసరికే సగం అడ్వాన్సు ఇస్తారు, వడ్డీ లేకుండా. న్యాయ వ్యాపారం చేసే విదేశీ సంస్థలు కూడా చేతిపనివాళ్లు అడిగితే కనీసం సగం ముందివ్వాలన్న నియమం పెట్టుకున్నాయట. పసుపు ఎండబెట్టుకోడానికి టార్పాలిన్లు కూడా ఈవిడే కొనిచ్చారు. వేయింపులో పోయిన తరుగు కొట్టుదే.

ఇక ఆ నల్లబల్ల. ఎంతైనా బడిపంతులమ్మ కదా, గోడకి ఓ నల్లబల్ల కొట్టించారు. ప్రతి సరుకుకీ రైతుకెంత, బండి బాడుగెంత, తరుగెంత, కొట్టుకెంత, సుద్దతో రాసి పెడతారు. మొత్తం కొట్టులో ఇంత నష్టం తెచ్చిన వస్తువు మరోటి లేదు. పక్క సందులో కాఫీపొడి కొనేవాడు అందులో ఆ కొట్టువాడికి ఎంత మిగులుతుందో కలలో కూడా అడగడు. ఇక్కడ బల్ల చూడగానే మొదలు.

“టీచరమ్మగారూ, మీకు ఇంతెందుకండీ? అందులో సగం తగ్గించుకోండి.”

“అద్దె ఎవరు కడతారు బాబూ?”

“ఏదో సేవ చేస్తున్నారు కదండీ!”

ఈ ‘సేవ’ అన్న మాట వింటే నా గొలుసులు మెలిపడతాయి. బల్ల తీసేయమని మేనల్లుడు పోరాడు. ఆవిడ తీయలేదు. అది మొండితనమే, కాకపోతే బేరం చేసేవాడు రైతు వాటా జోలికి వెళ్లకుండా కొట్టు వాటా మీదే పడటం నేను చూశాను. ఆవిడ పన్నాగం అదేనేమో!

చలికాలంలో లంబసింగి వెళ్లే కార్లు ఆగుతాయి. అప్పుడే నాలుగు డబ్బులు కనబడేది. తేనె చలికి అడుగున గడ్డకట్టి పలుకు కడితే పంచదార కలిపారని గొడవ. వేన్నీళ్లలో సీసా పెడితే కరుగుతుందని చెప్పి చెప్పి ఆవిడ గొంతు పోయింది. బెల్లం నల్లగా ఉందని మొహం తిప్పుకుంటారు. హైడ్రాస్ వేసి తెల్లబరిచిన బంగారు రంగు అచ్చు వాళ్లకి కావాలి. ఆషాఢం వస్తే ఈగలు కూడా రావు. అద్దె, కరెంటు బిల్లు అప్పుడు పింఛనులోంచి పోతాయి. నన్నడిగితే ఇదీ తరుగే. రైతు నెత్తి మీంచి దించి ఈ పెద్దావిడ నెత్తికెత్తాం, అంతే. దీన్ని న్యాయమని బల్ల మీద రాస్తే నేను ఒప్పుకోను. మేనల్లుడూ ఒప్పుకోలేదు. బల్ల మీద ‘అద్దె’ అని ఇంకో గడి గీసి కాఫీ ధర పెంచించాడు. కొందరు రావడం మానేశారు. మిగిలినవాళ్లతో ఆ ఏడు ఆషాఢం గట్టెక్కింది.

2025 మొదట్లో ప్రపంచ మార్కెట్లో కాఫీ ధర ఎన్నడూ లేనంత ఎత్తుకి పోయింది. చింతపల్లి కొండల్లో కళ్లాల దగ్గరికే నోట్ల కట్టలతో వ్యాపారులు వచ్చారు. మాకు ఏటా కాఫీ ఇచ్చే ఆవిడ ఒకపూట వచ్చి అడ్వాన్సు డబ్బు టేబిలు మీద పెట్టింది.

“ఏటీ అనుకోకండి టీచరమ్మా. ఆళ్లు మీకన్నా బాగా ఎక్కువిస్తన్నారు.”

“మాట తప్పడం కాదా ఇది?” అన్నాడు మేనల్లుడు.

“నోర్ముయ్‌రా. మనం రాసుకున్న ధర ఇంతకి తగ్గించం అని, ఇంతకి మించం అని కాదు. బజారు పెరిగితే బజారు ధరే ఇవ్వాలి. ఆ డచ్చివాళ్ల ముద్రకీ అదే షరతు.”

ఆవిడ సుద్దముక్క తీసుకుని కాఫీ వరస మొత్తం తుడిచేశారు. కొత్త అంకె చూసి కుర్రాడు తల పట్టుకున్నాడు. వచ్చినావిడ మాత్రం తొందరపడలేదు. సగం సరుకు వాళ్లకిచ్చేసిందట, మిగతా సగం మాకిస్తానంది.

“ఆళ్లు పైయేడు వత్తారో రారో. మీరు కొట్టు మూసీరు కదా?”

“మూయను.”

“అయితే పైయేటికి అడ్వాన్సు ఎంతిస్తారో ఇప్పుడే సెప్పండి. సగమంటే సాలదు.”

టీచరమ్మగారు కళ్లజోడు సవరించుకుని ఖాతా పుస్తకం తెరిచారు. ఆవిడ మూడొంతుల్లో రెండొంతులు అడుగుతోంది, ఈవిడ సగం దగ్గరే ఉన్నారు, మేనల్లుడు సెల్‌ఫోన్లో లెక్కలు వేసి తల అడ్డంగా ఊపుతున్నాడు. నా పళ్లెంలో ఎవరిదో రాజ్‌మా సంచి పెట్టి, రెండో పళ్లెంలో రాయి వేయడం మరిచిపోయారు.