చెంచాతో కొలిచిన చిక్కదనం

ద్రవం ఎంత చిక్కగా ఉంటే రంగు అందులో అంత నెమ్మదిగా పాకుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని మధిరలో మా వంటింటిని ప్రయోగశాల చేసేశాను. ముక్కలో తప్పులేదు. 1905లో ఐన్‌స్టీన్ తేల్చిన సూత్రం చెప్పేదీ ఇంచుమించు అదే. తప్పంతా నా బుర్రది.

మంచినీళ్లు, ఆముదం, నానబెట్టిన తపసి బంక గ్లాసుల్లో పోసి, ఎండ పడే కిటికీలో వరసగా పెట్టి, తలా ఒక చుక్క మిఠాయి రంగు వేశాను. నీళ్లలో రంగు తోకలు చాస్తూ అడుక్కి దిగి, కాసేపట్లోనే గ్లాసంతా పరచుకుంది. 'ఆహా, వ్యాపనం!' అనుకుని టైము రాసుకున్నాను. నిజానికి చుక్క బరువుగా ఉండి దిగింది. మిగతా తిప్పుడంతా మా ఎండకు వేడెక్కిన నీటి ప్రవాహాలది. వ్యాపనమంటే అణువుల తడబాటు నడక. అదొక్కటే అయితే, కదలని నీళ్లలో చిన్న అణువు మిల్లీమీటరు జరగడానికి సుమారు 8 నిమిషాలు, సెంటీమీటరుకు దాదాపు 14 గంటలు పడుతుంది. దూరం పదింతలైతే సమయం వందింతలు. 1855లో అడాల్ఫ్ ఫిక్ పెట్టిన నియమాలు చెప్పే లెక్క ఇది. నేను చూసింది కొన్ని నిమిషాల బాగోతం.

ఆముదంలో చుక్క గుండ్రంగా, గింజలా ఉండిపోయింది. "చూశారా చిక్కదనం మహిమ!" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. అమ్మ ఒక్కసారి తొంగి చూసి, "నీళ్ల రంగు నూనెలో ఎక్కడైనా కలుస్తుందట్రా?" అంది. నా మొహం ఆముదం తాగినట్టయింది. నూనెలో కరగని రంగుకు నూనె చిక్కదైతే ఏంటి, పల్చనిదైతే ఏంటి?

వీటన్నిటినీ మించింది తపసి బంక కథ. భద్రాచలం అడవుల్లో గిరిజనులు చెట్టుకు గాటు పెట్టి తీసే బంక అది. నీళ్లు పీల్చి ఉబ్బి, చెంచా నిలబడేంత గట్టిపడుతుంది. కాబట్టి ఇందులో రంగు కదలనే కదలదని ముందే నోటుబుక్కులో రాసేశాను. తెల్లారి చూస్తే రంగు అంచు తోకల్లేకుండా, సమంగా కిందికి పాకి ఉంది. నా రాతకు అడ్డొచ్చింది కాబట్టి బంక పాడైందని తీర్మానించి గ్లాసు కడిగేశాను.

ఉబ్బిన బంకలో చాలా భాగం నీళ్లే. బంక పోగులు వలలా అల్లుకుని నీటిని పారనివ్వవు. ఆ వలకళ్లు మాత్రం చిన్న అణువుకు రాజబాటలు. ఉప్పు జెల్లీలోనూ ఇంచుమించు నీళ్లలో పాకినట్టే పాకుతుందని థామస్ గ్రాహం 1861లోనే చూపించాడు. ఐన్‌స్టీన్ చెప్పిన చిక్కదనం అణువుకు తగిలేది. నేను కొలిచింది చెంచాకు తగిలేది.

ఈ తేడా తెలుసుకోవడానికి విదేశీ శాస్త్రవేత్తల దాకా కూడా వెళ్లక్కర్లేదు. బెజవాడ దాటి పెడన వెళ్తే, కలంకారీ అద్దకం వాళ్లు అచ్చు గీత బట్టలో అలుక్కుపోకుండా పటిక నీళ్లలో బంక కలుపుతారు. బంక దేన్ని ఆపుతుందో, దేనికి దారిస్తుందో వాళ్ల చేతులకు తెలుసు.

గ్లాసులన్నిట్లో నిఖార్సయిన వ్యాపనం జరిగింది బంక గ్లాసు ఒక్కదాంట్లోనే. నేను పారబోసిందీ దాన్నే.