హెడ్‌ఫోను తీగ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మంచి హెడ్‌ఫోను కొన్నవాడు కొన్నాళ్ళు సుఖంగా పాటలు వింటాడు. ఆ పైన ఎవరో ఒకరు "తీగ మార్చావేటి గురూ?" అని అడుగుతారు. ఆ రాత్రి నుంచి అతనికి పాట వినబడదు, తీగే వినబడుతుంది. అటువంటి సంశయాత్ముడొకడు విశాఖ జగదాంబ జంక్షన్‌లో ఆటో కోసం నిలబడి ఉండగా, పక్కన నిలబడ్డ కవి ఈ పద్యం చెప్పాడట. పేరేమిటని అడిగితే కవి పలకలేదు. చెవులకు హెడ్‌ఫోను ఉండటం వల్లనేనని వ్యాఖ్యాతలు సమర్థించారు.

ఆ. తీగ మార్చగానె రాగమ్ము మారునా
జేబు బరువు తగ్గుఁ జెప్ప నేల
జాకు చూసి, పొడవు సరిచూసి కొనవయ్య
యుప్పుగాలి వీచు నుక్కు నగరి

ప్రతిపదార్థం

తీగ = హెడ్‌ఫోనునకును ఆంప్లిఫయరునకును నడుమ నుండు కేబులు; మార్చగానె = పాతది పీకి క్రొత్తది గ్రుచ్చినంత మాత్రమున; రాగమ్ము = వినబడు పాట; మారునా = వేరగునా? (కాదని కాకువు); జేబు బరువు = పర్సులోని నోట్ల భారము, నేటి అన్వయమున యూపీఐ ఖాతాలోని నిలువ; తగ్గున్ = క్షీణించును; చెప్పన్ ఏల = వేరుగ చెప్పుట యెందుకు?; జాకు చూసి = రెండు కొసల నుండు పిన్నులను పరీక్షించి; పొడవు సరిచూసి = మీటర్ల లెక్క తేల్చుకొని; అయ్య = ఓ నాయనా; ఉప్పుగాలి వీచు = సముద్రపు గాలి కొట్టునట్టి; ఉక్కు నగరి = విశాఖపట్టణమందు; కొనవు = కొనుము. (దీనికి మరో అర్థం ముందు చెప్పబడును.)

తాత్పర్యం

తీగ మార్చినంత మాత్రాన పాట మారదు, డబ్బు మాత్రం పోతుంది. పిన్ను, పొడవు చూసుకుని కొనుక్కో.

విశేష వ్యాఖ్య

తీగ: ఇక్కడ పూర్వపక్షం. "విశాఖ తీరానికి సముద్రగర్భ తీగలు తెస్తామని గూగుల్ 2025లో ప్రకటించింది కదా, కవి చెప్పినది ఆ తీగే" అని కొందరు. అది పొసగదు. సముద్రగర్భ తీగను జాకు చూసి కొనేవారు లేరు. "స్టీలు ప్లాంటు వైర్ రాడ్ మిల్లు నుంచి చుట్టలు చుట్టలుగా వచ్చే తీగ" అని గాజువాక సంప్రదాయం వారు. ఊరి మీద అభిమానం మెచ్చదగినదే. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో పోరాడి తెచ్చుకున్నదాన్ని ఎవరు కాదంటారు? కాని ఇనుము విద్యుత్తుకు రాగి కంటే సుమారు ఆరు రెట్లు అడ్డుపడుతుంది. కాబట్టి రాగి తీగ అనే సిద్ధాంతం.

రాగమ్ము మారునా: "వెండి తీగ వేస్తే తాళం చిడతలు తళతళలాడతాయి" అని ఎంవీపీ కాలనీ పూర్వపక్షి. లెక్క చూద్దాం. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 2003లో వచ్చిన హెచ్‌డీ 650, రెండూ 300 ఓములవే. మూడు మీటర్ల తీగలో విద్యుత్తు పోయి రావడానికి ఆరు మీటర్ల దారి. 0.2 చదరపు మిల్లీమీటర్ల రాగికి ఆ దారిలో అర ఓము నిరోధం. వెండి రాగి కంటే ఐదారు శాతమే మెరుగు, అంటే తగ్గేది 0.03 ఓము. 300లో ఇది పదివేలలో ఒక వంతు. ఈ తేడా వినగలవాడు ఎదురింటివాళ్ళ ఆలోచనలు కూడా వినగలడు.

అయితే అపవాదం ఒకటుంది. లోపల అనేక డ్రైవర్లున్న కొన్ని ఇయర్‌ఫోన్లలో నిరోధం ఒక్కో స్వరస్థానం దగ్గర ఒక్కోలా ఉండి, కొన్నిచోట్ల బాగా పడిపోతుంది. అక్కడ తీగలో ఒక ఓము తేడా ఉన్నా స్వరం రంగు కొద్దిగా మారవచ్చు. మారినంత మాత్రాన మెరుగని కాదు.

"నా చెవులతో విన్నాను" అన్నవాడికి సమాధానం: 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ (రెండు చెవులకూ వేర్వేరు నెగటివ్ తీగలున్న) జాకులో గుచ్చితే చాలా ఆంపుల్లో వోల్టేజి రెట్టింపై, ధ్వని 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. గట్టిగా వినబడినది బాగున్నట్టే తోస్తుంది. ఆ కీర్తి వాల్యూముది, తీగ మెడలో దండ వేశారు. కనుక రెండింటికీ ధ్వని సమానం చేసి, ఇంట్లో ఒకరిని చాటుగా తీగలు మార్చమనాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు గుర్తుపడితే కొనవచ్చు. ఊహించి చెప్పినా సగం ఒప్పవుతాయి కనుక ఐదుకు సంబరపడరాదు. ఖరీదైన స్పీకరు తీగల తేడాను ఇలా కనిపెట్టినవారికి పది లక్షల డాలర్లిస్తానని అమెరికాలో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ 2007లో సవాలు విసిరాడు. ఆ సొమ్ము ఎవరూ పట్టుకుపోలేదు.

జాకు చూసి: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పైన చెప్పిన సెన్‌హైజర్లకు చెవి దగ్గర రెండు పిన్నులు, ఒకటి లావు, ఒకటి సన్నం. వేరే రకం హెడ్‌ఫోనుకు చేసిన తీగ అందులో దూరదు. ఇవతలి కొస 3.5 మిల్లీమీటర్లా, 6.35లా, 4.4లా అన్నది ఆంపుని బట్టి. బ్యాలెన్స్‌డ్ జాకు నుంచి అడాప్టరు పెట్టి మామూలు 3.5 తీగ తగిలిస్తే రెండు చెవుల నెగటివ్ తీగలూ కలిసిపోతాయి. తీగకేమీ కాదు, ఆంపు పోవచ్చు. ఇంత సంగతిని 'జాకు' అన్న రెండక్షరాల్లో పెట్టాడు కనుక ఇతడు కవి.

పొడవు సరిచూసి: బల్ల దగ్గర కూర్చుని వినేవాడికి మూడు మీటర్లుంటే, సగం తీగ కుర్చీ చక్రాల కిందే బతుకుతుంది. బస్సులో వినేవాడికి ఒకటింబావు మీటరు చాలు. బట్టకు రాసుకుంటే చెవిలో గరగర వినిపించే తీగ ఎంత ఖరీదైనా వద్దు.

ఉప్పుగాలి: ఇది పాదపూరణం కాదు. బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టినంత తేలిగ్గానే, పారదర్శకమైన తొడుగు లోపలి రాగికి చిలుము పడుతుంది. చెమట తగిలే చెవి వంపు దగ్గర తీగ ముందు ముదురు రంగు తిరిగి, తర్వాత పచ్చబడుతుంది. వెండికి గంధకం సోకితే నల్లబడుతుంది. పిన్నులకు బంగారు పూత అందుకే. బంగారం రాగి కంటే మంచి వాహకం కాదు, కాని దానికి చిలుము పట్టదు. గరగర మొదలైతే ముందు జాకుని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి చూడాలి.

కొనవయ్య: ఇది శ్లేష. 'కొనుమయ్య' అన్నది వ్యాపారులు తీసే అర్థం. 'నీవు కొనవు, అయ్యా' అన్నది ఇల్లాళ్ళు తీసే అర్థం. పిన్ను సరిపోయి, పొడవు చాలి, చిలుము లేకపోతే కొనవలసిన పనే లేదు కదా! రెండర్థాలూ కవి హృదయమే. తీగ తెగినవాడికి మొదటిది, తక్కినవారికి రెండోది.

ఛందస్సు: ఆటవెలది. మొదటి పాదంలో యతి తప్పిందని ఆక్షేపించరాదు, 'తీగ'కూ 'రాగ'కూ ప్రాసయతి చెల్లింది. తీగకూ రాగానికీ కవి ఒప్పుకున్న సంబంధం ఈ ప్రాస ఒక్కటే.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని ఆర్డరు నొక్కే ముందు చదివినవారికి డబ్బు మిగులుతుంది. తీగ కొస దగ్గర తెగితే డాబాగార్డెన్స్ వైపు ఏ రిపేరు బల్ల మీదైనా సోల్డరింగు పెట్టిస్తారు, అడగండి. కొత్తది కొనక తప్పకపోతే సరైన పిన్నుతో, మామూలు రాగితో, దిట్టమైన తొడుగున్న తీగ తీసుకోండి. మిగిలిన డబ్బుతో పాటలు కొనండి, మారేది అక్కడే.