పనికి సంబంధం లేని మాటలు

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద ఒక పోలీసు మోకాలు పెట్టి ప్రాణం తీశాడు. దారిన పోయే ఒక అమ్మాయి దాన్ని ఫోనులో తీసింది. వారం తిరిగేసరికి దేశమంతా రోడ్డెక్కింది. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అంటూ కంపెనీలు వరసపెట్టి ప్రకటనలు ఇచ్చాయి. బూట్లమ్మే కంపెనీ ఇచ్చింది. ఐస్‌క్రీం అమ్మే కంపెనీ ఇచ్చింది.

కాయిన్‌బేస్ ఇంకా నోరు విప్పలేదు.

అది 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కంపెనీ. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీలు కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ జనం అక్కడికి వెళతారు. కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు, ఇప్పటికీ అధిపతి, బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్.

జూన్ మొదట్లో ఉద్యోగుల సమావేశం జరిగింది. కరోనా రోజులు కాబట్టి అంతా వీడియోలోనే. ప్రశ్నల వేళ ఎవరో అడిగారు: మన కంపెనీ కూడా బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అని పైకి చెబుతుందా? ఆర్మ్‌స్ట్రాంగ్ సూటిగా జవాబు చెప్పలేదు. కొంతమంది ఉద్యోగులు వాకౌట్ చేశారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేసిన వాకౌట్ కనుక నడిచింది ఎవరూ లేరు. పని ఆపారు, అంతే. ఆ వెనకే ఆర్మ్‌స్ట్రాంగ్ ట్విట్టర్‌లో ఆ మూడు మాటలూ రాశాడు.

గొడవ సద్దుమణిగిందనుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాడు.

సెప్టెంబరు 27న ఆయన ఒక వ్యాసం రాశాడు. దాని సారాంశం ఇది. కాయిన్‌బేస్‌కు ఒక లక్ష్యం ఉంది: ప్రపంచానికంతటికీ తలుపులు తెరిచి ఉండే ఆర్థిక వ్యవస్థను కట్టడం. ఆ లక్ష్యానికి సంబంధం లేని సామాజిక ఉద్యమాలు కంపెనీకి పట్టవు. పనితో సంబంధం లేని రాజకీయాలు, అభ్యర్థులు, ఆశయాల మీద ఆఫీసులో వాదనలు పెట్టుకోకూడదు. ఉద్యోగుల సొంత నమ్మకాలను కంపెనీ తన గొంతుతో పలకదు. గూగుల్, ఫేస్‌బుక్‌లలో లోపలి కుమ్ములాటల వల్ల పని ఎంత పాడైందో చూస్తూనే ఉన్నాం కదా అని కూడా రాశాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. 2018లో అమెరికా సైన్యానికి డ్రోన్ల వీడియోలు విశ్లేషించే పని చేయవద్దంటూ గూగుల్ ఉద్యోగులు వేల మంది సంతకాలు పెట్టారు. కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. అదే ఏడాది నవంబరు 1న, లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చిన పెద్దలను డబ్బిచ్చి సాగనంపారని దాదాపు 20 వేల మంది ఆఫీసులు వదిలి బయటికి వచ్చారు. 2020 జూన్ 1న ఫేస్‌బుక్ ఉద్యోగుల వంతు. ఆ నిరసనల మీద అప్పటి అధ్యక్షుడు ట్రంప్ పెట్టిన పోస్టును తీసేయనందుకు వాళ్లూ ఇంటి నుంచే వాకౌట్ చేశారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యాసంలో ఒక మినహాయింపు కూడా ఉంది. క్రిప్టోకు సంబంధించిన బిల్లు ఏదైనా వస్తే కంపెనీ కలగజేసుకోవచ్చు. వైద్యం, చదువు లాంటి విషయాల్లో మాత్రం మామూలుగా కలగజేసుకోదు.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గుంటూరు మిర్చి వ్యాపారి మార్కెట్ యార్డు సెస్సు గురించి మాట్లాడతాడు. ఊళ్లో ఆసుపత్రి గురించి మాట్లాడకపోతే ఆయన్ను ఎవరూ నిలదీయరు. పైగా గీత ఎక్కడుందో ఆర్మ్‌స్ట్రాంగ్ అరమరిక లేకుండా చెప్పాడు. గీతకు ఇటు క్రిప్టో. అటు వైద్యం, చదువు, నల్లవాళ్ల ప్రాణాలు.

మూడు రోజులకు ఉద్యోగులందరికీ ఈమెయిల్ వెళ్లింది. ఈ పద్ధతి నచ్చనివాళ్లు వెళ్లిపోవచ్చు. కంపెనీలో మూడేళ్లు నిండినవాళ్లకు ఆరు నెలల జీతం, నిండనివాళ్లకు నాలుగు నెలల జీతం. ఆరు నెలల పాటు ఆరోగ్య బీమా. చెప్పడానికి వారం గడువు.

బయట పెద్ద చర్చే నడిచింది. ఇకమీదట బాగుపడే కంపెనీల్లో ఎక్కువ భాగం ఇదే బాట పడతాయని స్టార్టప్ లోకానికి పెద్దదిక్కులాంటి పాల్ గ్రాహం జోస్యం చెప్పాడు. అప్పటి ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీకి మింగుడు పడలేదు. ఇప్పుడున్న ఆర్థిక వ్యవస్థ మీద తిరుగుబాటే కదా బిట్‌కాయిన్, దాన్ని అమ్ముకునేవాళ్లు మాకు ఉద్యమాలతో పని లేదంటే ఎలా అన్నది ఆయన వాదన.

అక్టోబరు 8న ఆర్మ్‌స్ట్రాంగ్ లెక్క చెప్పాడు. 60 మంది దాకా డబ్బు తీసుకుని వెళ్లిపోతున్నారు. మొత్తం ఉద్యోగుల్లో 5 శాతం.

మిగిలిన 95 శాతం పనిలో పడ్డారు. 2021 ఏప్రిల్‌లో కంపెనీ నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. అదే నెలలో బేస్‌క్యాంప్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఆఫీసు ఖాతాలో రాజకీయాలు మాట్లాడవద్దని నియమం పెట్టింది. అక్కడ మూడో వంతు మంది వెళ్లిపోయారు. ఆ లెక్కన ఆర్మ్‌స్ట్రాంగ్ నెగ్గుకొచ్చినట్టే.

తర్వాత క్రిప్టోకు గడ్డు రోజులు వచ్చాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కుప్పకూలింది. 2023 జూన్ 6న అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ కాయిన్‌బేస్ మీదే దావా వేసింది. ఏది చట్టబద్ధం, ఏది కాదు అన్నది ఇక వాషింగ్టన్‌లో తేలాలి. ఆ మినహాయింపు అవసరం ఇప్పుడొచ్చింది.

ఆ ఆగస్టులో కాయిన్‌బేస్ స్టాండ్ విత్ క్రిప్టో అనే వేదికను నిలబెట్టింది. రాజకీయ నాయకులకు బడిపిల్లల మాదిరిగా ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. క్రిప్టోను మెచ్చుకుంటే ఏ, తిడితే ఎఫ్. అదే ఏడాది ఫెయిర్‌షేక్ అనే సూపర్ ప్యాక్ వచ్చింది. అభ్యర్థి చేతికి పైసా ఇవ్వకుండా, అభ్యర్థి కోసమో అభ్యర్థి మీదో ఎంతైనా ఖర్చు పెట్టగలిగే సంఘాన్ని అక్కడ అలా అంటారు. చందాదారుల్లో పెద్దవాళ్లు ముగ్గురు: కాయిన్‌బేస్, రిపుల్ అనే మరో క్రిప్టో కంపెనీ, ఆండ్రీసన్ హోరోవిట్జ్ అనే పెట్టుబడి సంస్థ. 2024 వేసవి నాటికి కాయిన్‌బేస్ ఒక్కటే 4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది.

ఇదంతా మినహాయింపు పరిధిలోనే ఉంది.

మొదటి దెబ్బ కాలిఫోర్నియాలో పడింది. సెనేట్ సీటుకు కేటీ పోర్టర్ పోటీ చేస్తోంది. ఆమె క్రిప్టో అంటే మండిపడే సెనేటర్ ఎలిజబెత్ వారెన్‌కు లా కాలేజీలో శిష్యురాలు. ఆమెకు వ్యతిరేకంగా ఫెయిర్‌షేక్ కోటి డాలర్ల దాకా ప్రకటనలకు ఖర్చు పెట్టింది. 2024 మార్చి 5న ప్రైమరీ జరిగింది. మొదటి ఇద్దరికే తుది పోటీకి అర్హత. పోర్టర్ మూడో స్థానంలో ఆగిపోయింది.

తర్వాత ఒహాయో. అక్కడి సెనేటర్ షెరాడ్ బ్రౌన్ అప్పుడు సెనేట్ బ్యాంకింగ్ కమిటీ ఛైర్మన్. క్రిప్టో కంపెనీలను ఆయన ఎప్పుడూ నమ్మలేదు. ఆయన్ను ఓడించడానికి ఖర్చయింది 4 కోట్ల డాలర్లు. ఫెయిర్‌షేక్ ఆ డబ్బును తన అనుబంధ సంఘం ద్వారా ఖర్చు పెట్టించింది. దాని పేరు డిఫెండ్ అమెరికన్ జాబ్స్. నవంబరు 5న బ్రౌన్ ఓడిపోయాడు. గెలిచిన బెర్నీ మొరెనో క్రిప్టోకు మిత్రుడు.

ఒహాయోలో మొరెనో ఎంత మంచివాడో టీవీలు చెప్పాయి. కాలిఫోర్నియాలో పోర్టర్ మందుల కంపెనీల పెద్దల దగ్గర, చమురు కంపెనీల పెద్దల దగ్గర, బ్యాంకుల పెద్దల దగ్గర ఎన్నికల డబ్బు తీసుకుందని చెప్పాయి.

ఇక్కడి ప్రకటనల్లో గానీ అక్కడి ప్రకటనల్లో గానీ క్రిప్టో ఊసే లేదు.