బంకు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: మోటారుసైకిలు మీద దూరాభారాలు పోయేవాళ్ళ కోసం సామాను సర్దుడు గురించి చెప్పినవాళ్ళు కోకొల్లలు. ఎన్ని సంచులు కట్టాలి, వాననీళ్ళు దూరతాయా, తాళ్ళు ఎంత బిగించాలి, అన్నీ చెప్పారు. ఇంత కట్టావు సరే, పెట్రోలు ఎలా పోయించుకుంటావురా నాయనా అని అడిగిన కవి మాత్రం ఈయనొక్కడే. పేరు తెలియదు. ఏదో బంకులో ముందున్నవాడి మూటల వంక చూస్తూ ఆశువుగా చెప్పి ఉంటాడని పద్యంలోని కసిని బట్టి ఊహించాలి.

తేటగీతి

బంకు ముందర నిలిచిన పాంథుఁ డొకఁడు
మూటలను దింపఁ జిక్కిన ముడులు విప్పి
మూత తెఱచెడు వేళకు ముందు, వాని
వెనుకఁ బెరిగెను క్యూ, యది వేంకటాద్రి.

ప్రతిపదార్థం: బంకు ముందర = పెట్రోలు పోసే మిషను ఎదుట; నిలిచిన = ఇంజను ఆపి, సైడ్ స్టాండ్ వేసి నిలబడ్డ; పాంథుఁడు ఒకఁడు = బాటసారి ఒక్కడు; మూటలను దింపన్ = ట్యాంకు మీది సంచులు దించడానికి; చిక్కిన ముడులు విప్పి = రబ్బరు తాళ్ళను, వాటి కొక్కేలను, ఎప్పుడూ మడ్‌గార్డు కిందికి పోయి దాక్కునే ఆ ఒక్క కొక్కేన్నీ వెతికి ఊడదీసి; మూత తెఱచెడు వేళకు ముందు = ట్యాంకు మూతలో తాళంచెవి తిప్పే లోపలే; వాని వెనుకన్ = వాడి వీపు వెనకాల; క్యూ పెరిగెను = వరస సాగింది; అది వేంకటాద్రి = ఆ వరస సాక్షాత్తూ తిరుమల కొండ.

టీక: 'ఒకఁడు' అన్నది పాదం నింపడానికి వేసిన మాట కాదు. ఇద్దరైతే ఈ పద్యమే పుట్టదు. వెనక కూర్చున్న ఇల్లాలు దిగి సంచి పట్టుకునేది, 'ఏమండీ, ఇంకెంతసేపు' అని ఒక్కసారి అనేది, పని అయిపోయేది. ఒంటరివాడికి ఆ భాగ్యం లేదు. సంచి నేల మీద పెడదామంటే బంకులో నేలంతా నూనె మరకలు. సీటు మీద పెడదామంటే అక్కడ పడక చుట్టా గుడారమూ ముందే ఎక్కి కూర్చున్నాయి. హ్యాండిల్‌కి తగిలిస్తే బండి ఆ పక్కకి తిరుగుతుంది.

'క్యూ' జంటహల్లు కాబట్టి దాని ముందున్న 'ను' గురువు కావాలి కదా, గణం చెడలేదా అని ఛాందసులు ఆక్షేపించారు. క్యూలో వెనకవాడు ఎంత నొక్కినా ముందున్నవాడి బరువు పెరగదని సమాధానం. 'వేంకటాద్రి' రూపకం. అతిశయోక్తి అన్నవాళ్ళు పండగ ముందురోజు విజయవాడ హైవే మీద పెట్రోలు పోయించుకుని ఉండరు.

'మూత' దగ్గర కొంచెం ఆగాలి. కొన్ని బళ్ళకు మూత బందు మీద పైకి లేస్తుంది. కొన్నింటికి మొత్తంగా ఊడి చేతిలోకి వస్తుంది. రెండో రకంవాడికి ఒక చేతిలో మూత, ఇంకో చేతిలో సంచి. బంకు కుర్రాడు 'జీరో చూసుకోండి సార్' అంటాడు. చూసి తల ఊపుతాడు పాపం, చూసింది సంచిని.

తాత్పర్యం: బండి మీద బరువు ఎక్కడ ఉండాలంటే కిందికి, మధ్యకి, రెండు చక్రాల నడుమ ఉండాలి. తోక మీద బరువు పెరిగితే ముందు చక్రం తేలికవుతుంది, మలుపులో హ్యాండిల్ మాట వినదు. అందుకని పైన కట్టే సంచికి ట్యాంకును మించిన చోటు లేదు. కళ్ళ ముందుంటుంది, టోపీ, నీళ్ళు, చిల్లర చేతికందుతాయి. సరిగ్గా అక్కడే మోటారుసైకిలు నోరు ఉంది. సంచికి శ్రేష్ఠమైన చోటూ పెట్రోలు పోసే చోటూ ఒకటే కావడం చేత ఈ శాస్త్రం పుట్టింది. రెండూ వేరువేరు చోట్ల ఉంటే తాడూ కొక్కెమూ తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

వేరుగా పెట్టి చూసినవాళ్ళూ లేకపోలేదు. బీఎండబ్ల్యూ వారి ఎఫ్ 800 జీఎస్‌కి ట్యాంకు సీటు కింద, మూత వెనక కుడి పక్కన. ట్యాంకు సంచిని నిశ్చింతగా కట్టుకోవచ్చని సంతోషించేలోపు, సీటు మీదుగా రెండు పక్కలా వేలాడే జోలె సంచి వెళ్ళి ఆ మూత మీదే కూర్చుంటుంది. 2018లో దాని తరవాతి ఎఫ్ 850 జీఎస్ వచ్చేసరికి ట్యాంకు మళ్ళీ ముందుకొచ్చింది. మన యాక్టివా సంగతి సరేసరి. ఏళ్ళ తరబడి సీటు ఎత్తితే గాని మూత కనబడేది కాదు. సీటు మీద బియ్యం బస్తా కట్టుకొస్తే బంకులో బస్తా దిగాల్సిందే. 2020లో వచ్చిన 6జీతో బయటి నుంచే పోసుకునే మూత వచ్చింది.

రెండో పద్యంలో కవి ఉపాయం చెబుతాడు.

తేటగీతి

ఒంటి చేతను దీయుట కొదవు సంచి
ట్యాంకు పైఁ గట్టి, తక్కిన దంత వెనుక
బరువు క్రిందికి, మఱి వాన బట్ట పైకి
నెట్టువాఁ డెక్కు బండిపై నెమ్మదిగను.

టీక: 'ఒంటి చేతను' అన్న దగ్గరే కిటుకంతా ఉంది. రెండో చెయ్యి తాళంచెవిది. చేతికి తొడుగు ఉండగానే సంచి కదలాలని కూడా కవి హృదయం. ఇందుకు మూడు దారులున్నాయి. అయస్కాంతాల సంచి ఇనుప ట్యాంకు మీద తటాలున అతుక్కుని తటాలున వస్తుంది, ట్యాంకు ప్లాస్టిక్‌దైతే జారి ఒళ్ళో పడుతుంది. పైగా అయస్కాంతం కింద ఇసుక చేరితే రంగు మీద గీతలు పడతాయి. మూత చుట్టూ స్క్రూలతో బిగించే రింగు రెండోది. సంచి దాని మీద టక్కున కూర్చుంటుంది, మీట లాగితే వస్తుంది. దొరికితే ఇదే మేలు, ఖరీదు మాత్రం దాని మేలుకు తగ్గట్టే ఉంటుంది.

మూడోది పట్టీల సంచి, పామరులకు ప్రాప్తం. ముందు పట్టీ హ్యాండిల్ మెడ చుట్టూ శాశ్వతంగా ఉండనివ్వాలి. వెనక పట్టీలు రెండూ సీటు ముందు ఫ్రేముకి, బకిళ్ళు పైకి కనబడేలా. బంకు రాగానే ఆ రెండూ నొక్కి సంచిని హ్యాండిల్ మీదికి వాలిస్తే చాలు, ముందు పట్టీని ముట్టనక్కర్లేదు. బకిలు మీద గానీ ముడి వేశాడా, మొదటి పద్యంలోకి వెళ్ళి నిలబడతాడు.

'తక్కినదంత వెనుక' అంటే దారిలో విప్పనక్కర్లేనిదంతా అని. బట్టలూ పనిముట్లూ రాత్రి బస దాకా విప్పే పనిలేదు. పెట్రోలు మూత రోజుకు రెండుసార్లయినా తెరవాలి. తెరిచే లెక్కను బట్టి కట్టాలి గాని వస్తువు ముద్దును బట్టి కాదు. పులిహోర డబ్బా ట్యాంకు సంచిలో పెట్టేవాళ్ళను ఒక వ్యాఖ్యాత తీవ్రంగా మందలించాడు. మూత నిండా పోయించుకున్నప్పుడు చింది, ఆవిరెక్కి, మధ్యాహ్నానికి పోపు వాసన పోయి ఇంకో వాసన మిగులుతుందట. అసలు మూత అంచుదాకా పోయించడమే తప్పు. ఎండకు పెట్రోలు పొంగుతుంది, దానికీ కాస్త జాగా వదలాలి.

విశేషాంశం: హిమాచల్‌లో చంద్రా భాగా నదులు కలిసే తాండి దగ్గరి బంకు ఈ శాస్త్రానికి ముఖ్యతీర్థం. తర్వాతి బంకు 365 కిలోమీటర్లని అక్కడి బోర్డు ప్రసిద్ధం. లేహ్ వెళ్ళే తెలుగు కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు, లెక్క తరవాత వేస్తారు. లీటరుకు 30 కిలోమీటర్ల చొప్పున 12 లీటర్ల పైచిలుకు. కనుమలెక్కేటప్పుడు ఆ 30 కూడా రాదు. 13 లీటర్ల ట్యాంకువాడికి గుండె చేతిలో ఉంటుంది. అందుకని వెనక చక్రానికి రెండు పక్కలా కడ్డీల చట్రం బిగించి, అందులో పెట్రోలు క్యాన్లు కడతారు. దానికి మన మెకానిక్కులు పెట్టిన పేరు లడఖ్ క్యారియర్.

క్యాను ఉంటే బంకుతోనూ క్యూతోనూ పనేముంది, ఇక ఈ పద్యాలెందుకని పూర్వపక్షం. క్యానులోంచి పోయాలన్నా ఆ మూతే తియ్యాలి, మూత తియ్యాలంటే ఆ సంచే ఎత్తాలి. పైగా క్యానుకి గరాటు కావాలి. గాలి ఈడ్చి కొట్టే మైదానంలో గరాటు లేకుండా పోస్తే సగం పెట్రోలు ఇంజను తాగుతుంది, ట్యాంకు కాదు. గరాటు బరువు కాదు గనక పైన ఉండాలని కొందరు, వానబట్ట కాదు గనక కిందికి పోవాలని కొందరు. కవి ఏమీ చెప్పలేదు. ఆచరణలో మాత్రం అది గుడారం చుట్టలో, మేకుల పక్కన దొరుకుతోంది.