వంద కోట్ల టమాటా

ముఖ్యమంత్రి గారు వంద కోట్లు మళ్ళీ ప్రకటించారు. క్వాంటంలో నోబెల్ తెచ్చే ఆంధ్రుడికి. మీరూ విన్నారు కదా, వివరాల జోలికి పోను. ‘మళ్ళీ’ అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. 2017 జనవరిలో తిరుపతిలో సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు కూడా ఇదే వంద కోట్లు, నోబెల్ తెచ్చే ఆంధ్రుడికే ప్రకటించారు. అప్పటి నుంచి ఆ డబ్బు అడగడానికి ఒక్కడూ రాలేదు. ఖజానాలో ఇంత బుద్ధిమంతుడైన పద్దు ఇంకోటి ఉండదు. అలవెన్సులు అడగదు, బిల్లు పెట్టదు, ధర్నా చెయ్యదు.

ఇంతకీ నోబెల్ వాళ్ళు ఇచ్చేది ఎంతో తెలుసా? కోటీ పది లక్షల స్వీడిష్ క్రోనార్లు. మన లెక్కలో పది కోట్ల చిల్లర. అదీ ఒక్కరికి కాదు, ముగ్గురుంటే ముగ్గురూ పంచుకోవాలి. వాళ్ళది పది, మనది వంద. అసలు కన్నా వడ్డీ ముద్దంటారు గానీ, మరీ పదింతల ముద్దు ఇప్పుడే చూస్తున్నాను.

నేను ప్రోగ్రామర్‌ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా బెంగళూరులో కోడ్ రాస్తాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి పలమనేరులో దిగి, గంగవరం మండలంలోని మా ఊరు చేరతాను. మా నాయన టమాటా వేస్తాడు. నేను రాసిన కోడ్ ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియదు, ఆయన వేసిన టమాటాకు రేటు ఎందుకు వస్తుందో ఆయనకు తెలియదు. ఇద్దరం అనిశ్చితి రంగంలోనే ఉన్నాం. ప్రకటన విన్న రాత్రి బస్సులో నిద్ర పట్టక ఆలోచిస్తుంటే తట్టింది. వంద కోట్లు అట్లా పడి ఉండటం మా తప్పే. క్వాంటం ప్రయోగశాల మా దగ్గర ఎప్పటి నుంచో నడుస్తోంది. దరఖాస్తు పెట్టుకోవాలన్న తెలివే మాకు లేకపోయింది.

అందుకని ఈ వారం కాలమ్‌ను దరఖాస్తుగా స్వీకరించ ప్రార్థన. అభ్యర్థి పేరు: టమాటా. ఊరు: గంగవరం. ప్రయోగశాల: మదనపల్లె మార్కెట్ యార్డు.

క్వాంటం అంటే భయపడే వాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు కంప్యూటర్లో బిట్ అయితే సున్నా, లేకుంటే ఒకటి. క్యూబిట్ అట్లా కాదు, కొలిచే దాకా రెండూ కలిసిన స్థితిలో ఉంటుంది. కొలిచిన క్షణం ఏదో ఒకటిగా తేలిపోతుంది. ఈ సంగతి ఎంత విడ్డూరమో చెప్పడానికి 1935లో ష్రోడింగర్ అనే ఆయన ఒక పిల్లిని పెట్టెలో పెట్టాడు. ఊహలోనే లెండి. మూత తీసే దాకా పిల్లి బతికీ ఉంటుంది, చచ్చీ ఉంటుంది. మా దగ్గర పిల్లీ అక్కర్లేదు, ఊహా అక్కర్లేదు. ఇరవై అయిదు కిలోల ప్లాస్టిక్ క్రేటు చాలు.

టమాటా తోటలో ఉన్నప్పుడు కిలో రెండు వందలూ, కిలో రెండూ. క్రేటులోకి ఎత్తినప్పుడూ అంతే. బండి పుంగనూరు దాటినా అంతే. మండీలో వేలం పాడేవాడు గొంతు సవరించుకునే దాకా మా నాయన లక్షాధికారీ, అప్పులవాడూ రెండూను. బ్యాంకు మేనేజరుకు ఈ సూక్ష్మం తెలియక మొదటి స్థితిని లెక్కలోకి తీసుకోడు. మా అమ్మ మాత్రం పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టేసింది. బండి వెళ్ళిన రోజు తిరిగి వచ్చే దాకా గాజుల దుకాణం వైపు చూడదు.

ప్రయోగ ఫలితాలు కావాలా? 2023 జూలైలో మదనపల్లెలో మేలురకం కిలో రెండు వందల అంచుకు పోయింది. తోటలకు రాత్రి కాపలాలు పెట్టుకున్న రోజులవి. టమాటా గురించి జాతీయ చానెళ్ళు మా ఊళ్ళ పేర్లు తప్పుగా పలుకుతూ మాట్లాడాయి. రెండు నెలలు తిరక్కముందే అదే కాయ, అదే నేల, అదే క్రేటు, రేటు పాతాళంలో. ఒకే కణం రెండు స్థితులు చూపించింది. స్టాక్‌హోమ్ వాళ్ళకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మా నాయనకు విషయం చెప్పాను.

“నాయనా, నీ టమాటాకు నోబెల్ వస్తాదేమో.”

“ఎంతిస్తారంట?”

“వంద కోట్లు.”

“కిలోకా, క్రేటుకా?”

“మొత్తానికి.”

“తరుగు ఎంత పట్టుకుంటారో కనుక్కున్నావా?” అన్నాడు ఎరువు బస్తా విప్పుతూ. “కమీషను?”

క్వాంటంలో పరిశీలకుడి ప్రభావం అని ఒక అధ్యాయం ఉంది. చూస్తే చాలు, చూడబడేది మారిపోతుంది. మా ప్రోగ్రామర్లలో దీనికి హైసెన్‌బగ్ అని ముద్దుపేరు. దాన్ని పట్టుకుందామని కూర్చుంటే కనిపించదు, లేచి టీకి వెళ్తే వచ్చి కూర్చుంటుంది. తూకంలో తేడా కూడా ఈ జాతిదే. తనిఖీకి అధికారి వస్తున్నాడంటే ఆ పూట కాటా బంగారు కొట్టులో తరాజులా ఉంటుంది, తరుగు మాట ఎవరి నోటా రాదు. జీపు మలుపు తిరిగాక కాయలో నీటిశాతం హఠాత్తుగా పెరుగుతుంది. అధికారి నివేదికలో ‘లోపములు కానరాలేదు’ అని రాస్తాడు. పాపం, శాస్త్రీయంగా సరైన వాక్యమే.

ఇక చిక్కుముడి. రెండు కణాలు ఒకసారి ముడిపడితే ఎంత దూరాన ఉన్నా ఒకదాని స్థితి ఇంకోదానితో కలిసే ఉంటుందట. ఐన్‌స్టీన్‌కు ఇది ససేమిరా నచ్చలేదు. ఆయన ఒక్కసారి మదనపల్లె వచ్చి ఉంటే ఒప్పుకునేవాడు. నాసిక్ వైపు పంట బాగుందని గాలి మాట వస్తే చాలు, ఇక్కడ పాట సగానికి దిగుతుంది. కాకపోతే మాది ఒంటి చిక్కుముడి. ఇక్కడ రేటు పడిందని హైదరాబాదులో కొట్టువాడి ధర పడదు. అక్కడ లేస్తే ఇక్కడా లేవాలని నియమం లేదు. దరఖాస్తులో దీన్ని ప్రత్యేక ఆవిష్కరణగా చూపిస్తున్నాను.

క్యూబిట్లకు ఒక రోగం ఉంది, నిలకడలేమి. చాలావరకు మైక్రోసెకన్లలోనే చెదిరిపోతాయి, ప్రపంచమంతా తల పట్టుకునేది అక్కడే. ఇందులో కుప్పం మనందరి కన్నా ముందుంది. 2002లో హెచ్‌పీ కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు, సౌర విద్యుత్తుతో ప్రింటర్లు, ఆడవాళ్ళ చేతుల్లో డిజిటల్ కెమెరాలు. అప్పట్లో మా మేనత్త ఇంట పెళ్ళికి ఫొటోలు తీసేవాడు రీలు కొనాలని అడ్వాన్సు అడిగేవాడు, అట్లాంటి కాలం! మూడేళ్ళు నిలిచింది ఆ స్థితి. మైక్రోసెకన్లతో పోలిస్తే మూడేళ్ళంటే మాటలా?

టమాటా ఒక్కటే వెళ్తే బాగుండదు. ముగ్గురి దాకా పంచుకోవచ్చు కాబట్టి రెండో పేరుగా కౌండిన్య అడవి ఏనుగును చేరుస్తున్నాను. 2025 భౌతికశాస్త్ర నోబెల్ క్లార్క్, డెవోరె, మార్టినిస్‌లకు దేనికిచ్చారు? గోడ దాటే శక్తి లేని కణం కూడా గోడ అవతల తేలగలదు, దాన్ని టన్నెలింగ్ అంటారు. అది చేత్తో పట్టుకునేంత పెద్ద విద్యుత్ వలయంలో కూడా జరుగుతుందని చూపించినందుకు. చేత్తో పట్టుకునేంత! మావి నాలుగేసి టన్నులు. ఇటు కందకం ఉంటుంది, దాని పక్కన సౌర కంచె ఉంటుంది, సాయంత్రం ఏనుగు అటు ఉంటుంది. తెల్లారేసరికి ఇటు, చెరుకులో. కంచె చెక్కు చెదరలేదని సిబ్బంది, చెరుకు మిగల్లేదని రైతు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరిమే పెంపుడు ఏనుగులను, తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉంచారు. వాటిని సహపరిశోధకులుగా చూపించవచ్చా అన్నది నిబంధనలు చూసి చెబుతాను.

మూడో పేరు దగ్గరే ఊళ్ళో గొడవ. క్వాంటంలో కొలిచేవాడు లేనిదే ఫలితం లేదు కాబట్టి మూడోవాడు దళారీ కావాలని నా వాదన. “ముగ్గురికీ సమానంగా పంచుతారంటావా?” అని మా చిన్నాయన అడిగాడు. పంచుతారన్నాను. “అయితే వాడు ఒప్పుకోడు” అన్నాడు.

నోబెల్ మా వైపు రావడం కొత్తేమీ కాదని కూడా రాశాను. 1919లో ఒకసారి మదనపల్లె వచ్చింది. టాగూరు రూపంలో వచ్చి, బీటీ కాలేజీలో కొన్నాళ్ళుండి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చి, మార్గరెట్ కజిన్స్ చేత స్వరలిపి రాయించుకుని వెళ్ళింది. వచ్చిన అతిథికి అప్పుడు ఎవరూ వంద కోట్లు చూపించలేదు. అందుకే ఉండిపోలేదేమో.

అన్నట్టు, ప్రోగ్రామర్ని కాబట్టి వీడియో గేముల మాట ఎత్తకుండా ఉండలేను. మోజుపడి గేములు ఆడేవాళ్ళకు క్రేటు అంటే తెలుసు. డబ్బు కట్టి కొనాలి, లోపల ఏముందో తెరిచాక గాని తెలియదు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన కూడా వినలేదు. డబ్బు ముందే పెట్టి, ఫలితం చేతిలో లేకుండా, బతుకంతా పణంగా ఆడే ఆట దేశంలో ఇప్పుడు టమాటా ఒక్కటే చట్టబద్ధం.

భౌతికశాస్త్రం ఫలితం అక్టోబరులో మన వేళకు మధ్యాహ్నం మూడుంబావు ప్రాంతంలో చెబుతారు. స్వీడన్ నుంచి ఫోను వస్తే ఎత్తమని నాయనకు చెప్పి పెట్టాను. “తెలీని నంబరు ఎత్తొద్దని నువ్వే కదరా చెప్పినావు” అన్నాడు. ఆ సమయానికి ఆయన మండీ నుంచి తిరిగొచ్చి, బండి బాడుగ ఎవరి దగ్గర తీసుకుని ఇవ్వాలా అని ఆలోచిస్తుంటాడు. ఫోను మోగితే అప్పులవాడనుకుని తప్పకుండా ఎత్తడు. వంద కోట్లు అట్లా కూడా ఖజానాలోనే భద్రం.

ఇక్కడి దాకా నవ్వుతూనే రాశాను. దరఖాస్తులో ‘అభ్యర్థించు సహాయము’ అన్న గడి దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది.

అమరావతికి వస్తున్న ఐబీఎం యంత్రంలో 156 క్యూబిట్లు. అవి పనిచేయాలంటే సున్నాకు దిగువన 273 డిగ్రీలకు వెంట్రుకవాసి దూరం దాకా చల్లబరచాలి. విశ్వంలో శూన్యం కూడా అంత చల్లగా ఉండదు. ఆ చల్లదనం ఏర్పాటు చేస్తారు, చేయగలరు. నాకు సంతోషమే, నా పొట్ట తిప్పలు కూడా ఆ రంగంలోవే. టమాటాకు కావలసింది పన్నెండు డిగ్రీలు. సున్నాకు ఎగువన. రేటు లేని వారం కాయను కోసి, పన్నెండు డిగ్రీల గదిలో పది రోజులు ఆపుకుంటే చాలు, నాయన ఆ రోజు పాటకు తల వంచాల్సిన పని లేదు. ప్రతి ఎన్నికలోనూ శీతల గిడ్డంగి, గుజ్జు ఫ్యాక్టరీ మాటలు మైకులో వింటూ పెరిగాను. 2018 కేంద్ర బడ్జెట్లో ఆపరేషన్ గ్రీన్స్ అని టమాటా, ఉల్లి, బంగాళాదుంప మూడింటికీ, దేశం మొత్తానికీ కలిపి 500 కోట్లన్నారు, చిత్తూరును జాబితాలో చేర్చారు. దేశంలోని టమాటా, ఉల్లి, ఆలుగడ్డ రైతులందరికీ అయిదు వందలు. ఇంకా పుట్టని ఒక్క మేధావికి వంద.

ఆ వంద ఎందుకంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో తెలుసా? అది ఇవ్వాల్సిన రోజు రాదని ఇచ్చేవాడికి తెలుసు కాబట్టి. పన్నెండు డిగ్రీల గది అట్లా కాదు. అది కడితే సిమెంటు కావాలి, కరెంటు కావాలి, నెల నెలా బిల్లు వస్తుంది, కట్టకపోతే ఎందుకు కట్టలేదని ఎవడో ఒకడు అడుగుతాడు. అందుకే దానికి అంకె చెప్పరు, తేదీ చెప్పరు.

సైన్సు అట్లా రాలేదయ్యా. క్లార్క్ బృందం పని చేసింది 1984, 85ల్లో. బహుమతి వచ్చింది నలభై ఏళ్ళకు. ఆ రోజు వాళ్ళ చేతికి ఎవరో ప్రయోగశాల ఇచ్చారు, జీతం ఇచ్చారు, తొందరపెట్టకుండా వదిలేశారు. అంత దూరం ఎందుకు, దేశంలో బీసీజీ టీకా మొదలైంది 1948లో మా మదనపల్లెలో. ఆరోగ్యవరం శానిటోరియం డాక్టర్లు 1950 నుంచి అయిదేళ్ళు పల్లె పల్లెకీ వెళ్ళి, ఇంటింటికీ తిరిగి క్షయ లెక్క తీశారు. ప్రపంచం చదివిన సైన్సు అది. ఏ వేదిక మీదా ఏ వంద కోట్లూ ఎవరూ ప్రకటించలేదు. మంచం ఇచ్చారు, మందు ఇచ్చారు, మనిషినిచ్చారు. క్వాంటం చదవబోయే పిల్ల ఎవరో ఇప్పుడు మా మండలంలోనే ఏదో హైస్కూల్లో కూర్చుని ఉంటుంది. ఆమెకు నోబెల్ తర్వాత వంద కోట్లు ఎందుకు? ఈ జూన్‌లో ఒక గాజు పట్టకం, ఒక బ్యాటరీ, వాటిని ముట్టుకోనిచ్చే ఒక టీచరు కావాలి. పగులుతుందని బీరువాలో పెట్టి తాళం వేసిన పట్టకం నా చదువంతా నేను అద్దంలోంచే చూశాను.

ఆ గడిలో ‘పన్నెండు డిగ్రీలు’ అని రాసి నాయనకు వినిపించాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఈ ఆదివారం కోత పెట్టుకోలేదట. కూలి, బాడుగ కూడా రావంట. మగ్గి రాలినవీ, పగిలినవీ గంపలో ఏరుకుని కొట్టం వైపు పోయాడు. మాకో పుంగనూరు ఆవుంది, నడుమెత్తు కూడా ఉండదు. వారం నుంచి అది టమాటాలే తింటోంది.