చినుక్కెన్ని సంస్థానాలో!

1948లో ఒక్క హైదరాబాదు సంస్థానాన్ని విలీనం చేస్తే పని అయిపోయిందనుకున్నారు సర్దార్ పటేల్. పాపం, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక్క వానాకాలమైనా గడిపి ఉంటే, ఇంకెన్ని సంస్థానాలు మిగిలాయో తెలిసేది.

నాచారం పారిశ్రామికవాడలో ఓ చినుకు పడిందనుకోండి. అక్కడ దాని ఏలిక ‘ఐలా’. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ కింద నడిచే స్థానిక సంస్థ అది. ఆస్తిపన్ను అడుగుతుంది, ఓటు మాత్రం అడగదు. వాడ దాటి కాలనీలోకి పారిందా, మున్సిపల్ కార్పొరేషన్ ప్రజ. పక్కనున్న మ్యాన్‌హోల్‌లోకి జారిందా, 1989 చట్టంతో పుట్టిన జలమండలి సొత్తు. 2024 నుంచి చెరువులూ విపత్తులూ చూసే హైడ్రా కూడా తయారు. వరంగల్ రోడ్డెక్కితే అది జాతీయ రహదారి, ఇక సాక్షాత్తూ భారత ప్రభుత్వమే! 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాల కింద గుంతల్లో అలాంటి చినుకులు ఏళ్లకేళ్లు విశ్రాంతి తీసుకున్నాయి. కదిలించడం తన పని కాదంది రాష్ట్రం, తీరిక లేదంది కేంద్రం.

రాజ్యాంగానికి ఇదంతా పట్టలేదనకండి. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకొచ్చింది. పట్టణాలకు అప్పగించదగ్గ పనులు 18 అని షెడ్యూలు రాసింది. ఐదేళ్ల గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలంది. మనవాళ్లు ఎంత శ్రద్ధగా విన్నారంటే, 1986లో ఎన్నికైన హైదరాబాదు కౌన్సిల్ 1991లో దిగిపోతే మళ్లీ ఎన్నిక 2002లో. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీని 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశారు, ఓటు భాగ్యం 2009 నవంబరులో కలిగింది. ఆ కౌన్సిల్ 2014 డిసెంబరులో దిగిపోతే, 2016 ఫిబ్రవరి దాకా మళ్లీ ప్రత్యేకాధికారే దిక్కు.

ఎన్నిక జరిగినా కౌన్సిల్ చేతికి పెత్తనం రాదు; ఆ కథ తెల్లదొరల కాలం నాటిది. వాళ్లలో కూడా రెండు రకాలున్నారు లెండి. 1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేసి, జనం పాలన నేర్చుకోనివ్వండన్నాడు. 1888 బొంబాయి మున్సిపల్ చట్టం రాసినవాడు గడుసువాడు. సభ్యులకు కుర్చీలిచ్చాడు, పెత్తనం సర్కారు పంపిన కమిషనరుకిచ్చాడు. మన ఊరు బ్రిటిష్ ఇండియాలో లేనే లేదు, నిజాం రాజ్యం. తెల్లవాడి బాకీ మనకేం లేదు. అయినా స్వాతంత్ర్యం వచ్చాక, 1955లో, తీరిగ్గా కూర్చుని మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం రాసుకుంటూ రిప్పన్‌ను వదిలేసి బొంబాయి కమిషనరునే ఏరి తెచ్చుకున్నాం. ఆ చట్టమే పేరు మార్చుకుని గ్రేటర్‌నూ ఏలింది.

అందుకే మా గల్లీలో కార్పొరేటర్‌తో సంభాషణ ఎప్పుడూ ఒకటే.

“అన్నా, ఇంట్లకు నీళ్లొచ్చినయ్.”

“నా చేతుల ఏమున్నది తమ్మీ, కమిషనర్‌కు లెటర్ పెట్టిన.”

కార్పొరేటర్ అన్నకు ఎవరినీ అడగకుండా చేయగలిగిన పని ఒకటుంది. నీళ్లు వాటంతటవే ఇంకిపోయాక, ‘ముంపు తీర్చిన మా అన్నకు ధన్యవాదాలు’ అని ఫ్లెక్సీ కట్టించుకోవడం. మొన్నటి గాలికి ఆ ఫ్లెక్సీ తాళ్లు తెంపుకుని నాలాలో అడ్డం పడింది. తీయాల్సింది ఎవరో తేల్చడానికి అన్ని శాఖలతో సమన్వయ సమావేశం పెడతారట.