చాయ్ తాగొచ్చేలోపు పోయే వంకర

చిట్కుల్‌లోనైనా ఇస్నాపూర్ చౌరస్తాలోనైనా సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్ల భాషలో యాక్సిడెంట్ అనే మాటే లేదు. బండి ‘కొంచెం ఒరిగింది’, లేదా ‘స్టాండు మీంచి జారింది’. అమ్మేవాడు మరీ నిజాయితీపరుడైతే ‘పిల్లగాడు నేర్చుకునేటప్పుడు పడేసిండు’ అంటాడు. తీరా ఎక్కి కూర్చుంటే చక్రం ముత్తంగి వైపు, హ్యాండిల్ పాశమైలారం వైపు చూస్తుంటాయి. అదేమని అడిగితే జవాబు సిద్ధంగానే ఉంటుంది: ‘గదేం లేదన్నా, చిన్న అడ్జస్ట్‌మెంటు. నువ్వు చాయ్ తాగిరా, గంతల సరిచేసి పెడ్త.’ ఆ సరిచేయడమేమిటో ఈ పటాన్‌చెరు ఫ్యాక్టరీల పట్టీలో తెలియనివాళ్లు తక్కువ. బండికి ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి, హ్యాండిల్ రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజడమే. హ్యాండిల్ తిన్నగా వస్తుంది, చాయ్ పూర్తవుతుంది, బేరం కుదురుతుంది. దీన్ని మనం రిపేరు అంటున్నాం. కోర్టులో అయితే సాక్ష్యాన్ని తారుమారు చేయడం అంటారు.

పాత బండి మీద నిజం చెప్పే భాగాలు చాలా తక్కువ. సీటుకు కొత్త కవరు, సైలెన్సర్‌కు నల్లరంగు, ట్యాంకుకు పాలిష్ పడితే అవి మంచి మాటలే చెబుతాయి. ఇక మీటరులోని కిలోమీటర్లు కవిసమయం, దాన్ని నిజమా అని అడగడం మర్యాద కాదు. వీటన్నిటి మధ్య కొనేవాడి పక్షాన నిలబడేది ఆ వంకర హ్యాండిల్ ఒక్కటే. బండి పడిందని, ఎటు పడిందో కూడా అది చెబుతుంది. ముందు చక్రాన్ని రెండు ఫోర్కు పైపులు మోస్తాయి. ఆ పైపుల్ని మెకానిక్కులు ‘టీ’ అని పిలిచే భాగాలు పైనా కిందా పట్టుకుని ఉంటాయి. హ్యాండిల్ పై టీ మీద కూర్చుంటుంది. బండి పడ్డప్పుడు ఆ పట్టులో పైపులు కాస్త మెలిపడితే చక్రానికీ హ్యాండిల్‌కీ మాట పడదు. ఇది తేలిక జబ్బు. హ్యాండిల్ రాడ్డే వంగినా, ఫోర్కు పైపు వంగినా, టీ వంగినా, ఛాసీ మెడ దగ్గర దెబ్బతిన్నా పైకి ఇంచుమించు అదే లక్షణం. అసలు ముందు చక్రానికి ఏమీ కాకపోయినా, చైను బిగించినవాడు వెనక చక్రం రెండు పక్కలా గీతలు సమానంగా చూడకపోతే బండిని తిన్నగా నడపడానికి హ్యాండిల్‌ను కాస్త పక్కకు పట్టుకోవాల్సి వస్తుంది. ఇన్ని రోగాలకు ఒకటే మందు, అదీ మోకాళ్లతో!

‘కానీ పని చేస్తుంది కదా’ అంటారు. చేస్తుంది, కాదనడం అన్యాయం. పైపులు టీలో మెలిపడ్డ తేలిక జబ్బయితే ఆ గుంజుడుకు చాలావరకు తిరిగి వస్తాయి. నా పేచీ సరిగ్గా అక్కడే. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటరును చల్లనీళ్లలో ముంచి, తగ్గిందని చూపిస్తే మనం ఊరుకుంటామా? పద్ధతిగా చేసే పనికి పెద్ద ఆయుధాలేమీ అక్కర్లేదు. ముందు ఇరుసు నట్టు, మడ్‌గార్డు బోల్టులు, పైపుల్ని పట్టుకున్న కింది టీ బోల్టులు పానాతో వదులు చేయాలి. హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా తెచ్చి, ముందు బ్రేకు పట్టి, బండిని మూడు నాలుగుసార్లు కిందికి నొక్కి వదలాలి. వదులైన పైపులు మెలిక విడిచి వాటి చోట అవి కుదురుకుంటాయి. తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో బోల్టులు బిగించాలి. ఇది రిపేరూ అవుతుంది, పరీక్షా అవుతుంది. పైపు వంగి ఉంటే ఎన్నిసార్లు నొక్కినా సాఫీగా కుదురుకోదు. అప్పుడు దాన్ని ఊడదీసి మందపాటి గాజుపలక మీద దొర్లించాలి. తిన్నని పైపు చప్పుడు లేకుండా పోతుంది. వంగిన పైపు ఎగిరెగిరి దొర్లుతుంది, దాని కింద వెలుతురు సన్నని గీతలా కనబడి మాయమవుతుంది. ఆ గీతను చూడకుండా ఉండటానికే మోకాళ్ల విద్య పుట్టిందనిపిస్తుంది.

ఈ విద్య దేశంలో ఎక్కడ వర్ధిల్లినా అర్థం చేసుకోవచ్చు గానీ, ఇక్కడ వర్ధిల్లడమే వింత. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీ షెడ్లలో వెర్నియర్ పట్టని చెయ్యి, డయల్ గేజ్ చూడని కన్ను తక్కువ. తిరుగుతున్న షాఫ్టు మీద ముల్లు నాలుగు గీతలు ఎక్కువ కదిలితే ‘రిజెక్ట్’ అని పక్కన పడేసేవాడు, ఎనిమిది గంటల షిఫ్టు దిగి వచ్చి తన ప్రాణం ఎక్కించే బండిని ఎలా పరీక్షిస్తాడు? ఒక కన్ను మూసి. ‘బాగనే ఉన్నట్టుంది’ అంటాడు. పరాయివాడి కంపెనీకి పోయే ఇనుప ముక్కకు మిల్లీమీటరులో వందో వంతు లెక్క, సొంత మెడకు మాత్రం కంటి అంచనా.

సర్కారు చూసుకుంటుందిలే అనేవాళ్లూ ఉన్నారు. చూస్తుంది, కాగితాలను. బండి చేతులు మారాలంటే ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం యాజమాన్యం మార్పును ఇన్ని రోజుల్లో తెలపాలని గడువు కూడా పెట్టింది. పాత బండ్ల డీలర్లు అధికారిక గుర్తింపు తీసుకోవాలని 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించింది. అవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చాయి. మంచిదే, దొంగబండి భయం కొంత తగ్గుతుంది. కానీ ఫారం 29లో హ్యాండిల్‌కు గడి లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వాళ్లు సైలెన్సర్ వెనక నిలబడతారు గానీ ముందుకు రారు. (పటాన్‌చెరు–బొల్లారాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అలాంటి చోట ఒక్క బైకు పొగ మీద పెట్టే ఆ శ్రద్ధ చూస్తే, ఆ కాలుష్యాన్ని మోసే నక్కవాగు కూడా నవ్వుకుంటుంది.) పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకునేదాకా, సొంతానికి వాడుకునే బైకును ఫిట్‌నెస్ కోసం ఎవరూ రమ్మనరు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం డబ్బుది. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఇస్నాపూర్‌లో గది తీసుకున్నవాడు రాత్రి షిఫ్టుకు పోవడానికి కొనే బండికి షోరూం మర్యాదలు కుదురుతాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బండి పడ్డప్పుడు మొదటి ఓనరు ఎందుకు బాగు చేయించలేదో కూడా ఆ డబ్బు దగ్గరే తెలుస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది ఎదుటివాడి నష్టానికి. సొంత బండి నష్టానికి తీసుకునే పాలసీని ఏటా పొడిగించుకోకపోతే ఫోర్కు పైపుల ఖర్చు ఓనరు జేబులోంచే పోవాలి. జేబు ఒప్పుకోదు, మోకాళ్లు ఒప్పుకుంటాయి. అలా మొదటివాడు మిగుల్చుకున్న ఖర్చు, చాయ్ తాగేలోపు, బండితో పాటు రెండోవాడి పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ అవుతుంది. దానికి ఫారం కూడా అక్కర్లేదు. పేదవాడి పేరు చెప్పి సమర్థించే ఈ పద్ధతిలో చివరికి డబ్బు కట్టేది పేదవాడే. బోల్టులు వదులు చేసి చూడటానికి మాత్రం ఒక పానా, అరగంట చాలు.

ఇంకా వదలనివాళ్లు రోడ్డు మీదికి తోస్తారు. ‘లారీలు తిరిగి రోడ్డు ఒక పక్కకు వాలింది, బండి అటు లాగుతది’ అని. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏ వాలూ లేదని నేను ప్రమాణం చేయలేను. అయితే రోడ్డు వాలు బండిని లాగుతుంది గానీ, నిలబెట్టిన బండి హ్యాండిల్‌ను తిప్పదు కదా. చివరి అస్త్రం ‘నాలుగు రోజులు తిప్పు, అలవాటైతది.’ ఇదొక్కటి పూర్తి నిజం, భయపెట్టే నిజం కూడా. భుజం ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి కూర్చోవడం వారంలో అలవాటవుతుంది. నెలకు ఆ వంకరే తిన్ననిదిగా తోస్తుంది. రుద్రారం దగ్గర ట్రాక్టరు అడ్డొచ్చి గట్టిగా బ్రేకు పట్టిన రోజున వంగిన పైపు సాఫీగా దిగదు, దానికి ఈ అలవాటుతో పని లేదు.

అందుకే నాదొక మనవి. హ్యాండిల్ వంకరగానే ఉంచి అమ్మే బండికి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. దాంట్లో రోగం ఉంటే ఉండొచ్చు గానీ, దాచలేదు. అమ్మేవాడు ‘చాయ్ తాగిరా అన్నా’ అన్నప్పుడు మొహమాటపడి లేవకండి. చాయ్ అక్కడికే తెప్పించమనండి, ఆ ముందు చక్రానికి ఎదురుగా నిలబడి తాగండి.